శ్రమకాల ప్రార్థనలు పేదింటికి భారం కాకూడదు

సంపాదకులకు నమస్కారాలు.

ఈ ఫిబ్రవరి 18న భస్మ బుధవారంతో, యేసు సిలువ శ్రమలను తలచుకుని ఉపవాసం ఉండే శ్రమకాలం మా క్రైస్తవులకు మొదలైంది. ఏప్రిల్ 5న ఈస్టరు. నడుమ వచ్చే ఆరు ఆదివారాలు తీసేస్తే సరిగ్గా నలభై రోజులు. మా కృష్ణా జిల్లా పల్లెల్లో చాలా సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాలవాళ్లం ఈ రోజుల్లో సాయంత్రం పూట రోజుకో ఇంట్లో కూడుకుని సిలువ ధ్యానాలు చేసుకుంటాం. నేను గుడివాడ దగ్గరి పల్లెలో బడిపంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాను. ఏ రోజు ఎవరింట్లో ప్రార్థనో ఆ జాబితా రాసే పని మా గుడి ఆడవాళ్ల సంఘమైన స్త్రీల మైత్రి తరఫున నాది. అది రాయడానికి ఇల్లిల్లూ తిరిగినప్పుడు మనసుకు కష్టం తోచి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇది మా ఒక్క ఊరి సంగతే అయితే పాస్టరు అయ్యగారితో చెప్పి ఊరుకునేదాన్ని. చుట్టుపక్కల ఏ సంఘంవాళ్లు కలిసినా ఇదే మాట వింటున్నాను.

మా పేటలో కూలి చేసుకుని పిల్లల్ని చదివించుకుంటున్న ఒకామె ఉంది. భర్త లేడు. వాళ్లింటికి వెళ్లి, "అమ్మాయ్, నీకు ఏ రోజు వేయమంటావు?" అని అడిగాను. చెరుగుతున్న చేట పక్కన పెట్టి లేచి నిలబడింది. "ఈ ఏడు మా ఇల్లు వద్దులెండి టీచరమ్మగారూ, ఇల్లు చిన్నది, జనం పట్టరు" అంది. ఆ ఇంట్లో ఆమె అత్తగారి రోజుల నుంచీ ఏటా ప్రార్థన జరిగింది. వాకిట్లో కొందరు, అరుగు మీద కొందరు, ఎదురింటి పంచలో కొందరు సర్దుకునేవాళ్లం. ఇల్లు అప్పుడెంతో ఇప్పుడూ అంతే. ప్రార్థన పెట్టించుకోవడానికయ్యే ఖర్చే ఆమె చేతికి అందకుండా పోయింది.

ఆ ఖర్చు ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం చెబుతాను. వీధి మొదట్లో ఇంటిల్లిపాది ఫొటోలతో ఫ్లెక్సీ. షామియానా, కుర్చీలు, సౌండు బాక్సులు, కీబోర్డు, ప్యాడ్స్ వాయించే కుర్రాళ్లు. పట్నం నుంచి ప్రసంగీకులు వస్తే కారు కిరాయి, పైన కవరు. ఆ తర్వాత భోజనాలు. శ్రమకాలంలో మాలో చాలామంది నీచు ముట్టరు కాబట్టి వెజ్ బిర్యానీ, పన్నీరు కూర, గోబీ, పెరుగు చట్నీ, చివర్లో ఐస్‌క్రీం. వంటమేస్త్రీ లేకుండా అయ్యే పని కాదు. నిన్న ఆ ఇంట్లో అలా పెట్టారంటే ఇవాళ ఈ ఇంట్లో తగ్గించడానికి మొహమాటం. పెట్టమని నోరు తెరిచి ఎవరూ అడగరు. కానీ తెల్లారి బోరింగు దగ్గర ఎవరింట్లో ఏం పెట్టారన్న మాటే నడుస్తుంది. డ్వాక్రా లోను తెచ్చి ఈ ఒక్క రాత్రికి ఖర్చు పెట్టి, ఆ వాయిదాలు ఏడాది పొడవునా కట్టుకునే ఇళ్లు నాకు తెలుసు. నలభై రోజుల ఉపవాసం పేరు చెప్పి మనం చేస్తున్నది ఇదా?

పైగా ఇది మినుము తీతల కాలం. ఎండెక్కితే కాయ పగిలి గింజ రాలిపోతుంది కాబట్టి ఆడవాళ్లు చీకటితో లేచి, క్యారేజీ కట్టుకుని పొలానికి పోతారు. అలాంటివాళ్లు రాత్రి పదిన్నర దాకా ప్రసంగం విని, ఆ తర్వాత పంక్తిలో కూర్చుని, అంట్లు తోమి పడుకునేసరికి ఏ వేళవుతుందో ఆలోచించండి. చంటిపిల్లల తల్లుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రార్థన ఏడింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగిస్తే దేవుడికి వచ్చే లోటేమీ లేదు.

మా చిన్నప్పుడు పెట్రోమాక్స్ లైటు ముందు పట్టుకుని, తాళాలు వాయిస్తూ పాడుకుంటూ వీధిలో నడిచి ఆ రోజు ప్రార్థన ఉన్న ఇంటికి చేరేవాళ్లం. చాపలు ఎవరివి వాళ్లే తెచ్చుకునేవాళ్లు. అయ్యగారు వేరే ఊళ్లో ఉంటే సంఘపెద్ద ఒక వాక్యభాగం చదివి నాలుగు మాటలు చెప్పేవాడు. ఆ ఇంటివాళ్లు టీ ఇస్తే ఇచ్చేవాళ్లు, శనగ గుగ్గిళ్లు పెడితే పెట్టేవాళ్లు, లేకపోతే మంచినీళ్లు. రోగం వచ్చిన ఇల్లూ, అప్పుల్లో ఉన్న ఇల్లూ, కోడలు అలిగి పుట్టింటికి వెళ్లిన ఇల్లూ ఆ నలభై రోజుల్లోనే సంఘానికి తెలిసేవి. తెలిసినప్పుడే కదా సాయం చేయగలం. ఇప్పుడు షామియానా కింద మూడు వందల కుర్చీలు వేస్తున్నాం, ఆ ఇంటి గడప దాటి లోపలికి వెళ్లి ఎలా ఉన్నారని అడిగేవాళ్లు తక్కువ.

ఈ సంఘాలు నిలబడ్డది పేదవాళ్ల చేతుల మీదే. 1912లో భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్పయిన దోర్నకల్ అజరయ్యగారి పాలనలో సంఘస్థుల్లో ఎక్కువమంది కూలినాలి చేసుకునేవాళ్లే. మా అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి గూట్లో ఉన్న డబ్బాలో వేసేది. ఆదివారం ఆ బియ్యం గుడిలో బుట్టలో పోసేది. ఇంట్లో ఏమీ లేని పూట కూడా ఆ పిడికెడు మానడం నేను చూడలేదు. మా పేటలో ఏ ఇంటి ఆడమనిషైనా ఇవ్వగలిగిన కానుక అది.

పెట్టేవాళ్ల మనసును నేను తప్పుపట్టడం లేదు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన ఒక కూతురు, తల్లి పేరున ప్రార్థన ఘనంగా జరిపించమని డబ్బు పంపిస్తుంది. ఫోన్లో వీడియో చూసుకుని అక్కడ ఏడుస్తుంది. ఆ ప్రేమను ఎవరు కాదంటారు? నేను వాళ్లతో అనేది ఒక్కటే: ఆ భోజనం ఈస్టరు నాడు పెట్టించండి. తెల్లవారుజాము ఆరాధన అయ్యాక ఊరంతా కలిసి తింటుంది, ఎవరి ఇంటితోనూ ఎవరికీ పోటీ ఉండదు.

మైకుల గురించి కూడా చెప్పాలి. మార్చిలో పదో తరగతి పరీక్షలు. ఇన్నేళ్లు బడిలో పనిచేసినదాన్ని, పిల్లలు చెవుల్లో వేళ్లు పెట్టుకుని చదవడం చూడలేకపోతున్నాను. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పక్కవాళ్ల ప్రశాంతత పాడుచేస్తూ మైకుల్లో ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదని అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ కేసు మద్రాసులోని ఒక చర్చి మీద నడిచిందే. ఇంట్లో కూర్చుని చేసుకునే ప్రార్థనకు మైకు ఎందుకు?

కొరింథు సంఘంలో ఉన్నవాళ్లు కడుపునిండా తింటుంటే లేనివాళ్లు ఆకలితో కూర్చున్నారని అపొస్తలుడు పౌలు బైబిల్లో ఉన్న తన ఉత్తరంలో మండిపడ్డాడు. పేదలను సిగ్గుపరుస్తారా అని నిలదీశాడు. ఆ అధ్యాయాన్ని మనం ప్రభు సంస్కారం రోజున చదువుకుంటూనే ఉన్నాం. ఈ నలభై రోజుల్లో ఒక సాయంత్రం దాని మీద ధ్యానం పెట్టమని అయ్యగార్లను వేడుకుంటున్నాను.

ఒక పాస్టరు కింద ఉండే సంఘాలను చూసే పాస్టరేటు కమిటీలు కూర్చుని ఒక తీర్మానం చేసి ఆదివారం గుడిలో ప్రకటిస్తే చాలు, మొహమాటం సగం తీరిపోతుంది. టీ, గుగ్గిళ్లు మాత్రమే; ఫ్లెక్సీ లేదు; ఎనిమిదిన్నరకు ముగింపు. కలిగినవాళ్ల ఇళ్లలో కూడా ఇదే పద్ధతి ఉండాలి, ముందు సంఘపెద్దల ఇళ్లలోనే మొదలుకావాలి. మా ఊళ్లో ఈసారి టీ పొడి, చక్కెర, శనగలు మైత్రి డబ్బుతో కొన్నాం. ఆ సంగతి చెప్పాక, ఇల్లు చిన్నదన్న ఆమె మార్చి రెండో వారంలో ఒక రోజు రాసుకోమంది. వేరే సంఘాల్లో ఇలా మార్చుకున్నవాళ్లుంటే, పెద్దల్ని ఎలా ఒప్పించారో ఈ శీర్షికకు రాయమని కోరుతున్నాను. మా కమిటీలో ఇంకా ఇద్దరు ఒప్పుకోవలసి ఉంది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
గుడివాడ మండలం, కృష్ణా జిల్లా