అది పొగరు కాదు, గాయం

అయ్యా,
పూతలపట్టు దగ్గర బైకు ప్రమాదంలో మా తమ్ముడి తలకు దెబ్బ తగిలి ఏడాదైంది. గాయం మానింది, కోపం మాత్రం పట్టుకుంది. మొన్న కుక్కర్ మూడో విజిల్ వేయగానే అన్నం తట్ట గోడకేసి కొట్టాడు. కాసేపటికి తనే ఒంగి మెతుకులు ఏరుతూ ఏడ్చాడు. వీధిలోవాళ్లు పొగరంటారు. కోపానికి కళ్లెం వేసేది ముఖ్యంగా నుదుటి వెనకుండే మెదడు భాగం. అది దెబ్బతింటే ఆపుకోవడం చాలాసార్లు మనిషి చేతిలో ఉండదు. అలసట, నిద్రలేమి, రొద దాన్ని ఇంకా రెచ్చగొడతాయి. ఇప్పుడు టీవీ సౌండు తగ్గించాం, మధ్యాహ్నం పడుకోబెడుతున్నాం, వాడి గొంతు పెరిగితే వాదించకుండా పక్కకు తప్పుకుంటున్నాం. చాలా నెమ్మదించాడు. డిశ్చార్జి రోజు మాత్రల చీటీ ఇచ్చారేగానీ ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. తిరుపతి, చిత్తూరు ఆసుపత్రుల్లో ఇంటివాళ్లను ఓ అరగంట కూర్చోబెట్టి ఇది వివరించే ఏర్పాటు చేయాలి.

– ఒక అక్క, చిత్తూరు