బెల్ కర్వ్ ప్రభుత్వ నిబంధనగా మారిన తీరు

సంపాదకులకు,

కేంద్ర ప్రభుత్వరంగ సంస్థల అధికారుల్లో పది శాతం మందిని పనితీరులో తక్కువ స్థాయి వారుగా తేల్చాలని, ఇలా బెల్ కర్వ్ (ఎక్కువమందిని మధ్యలో, కొద్దిమందిని పైన, కొద్దిమందిని కింద ఉంచే గంట ఆకారపు గీత) ప్రకారం గ్రేడ్లు ఇస్తేనే పనితీరు ఆధారిత చెల్లింపులకు వీలుంటుందని 2008 నవంబరులో ఉత్తర్వులు వెలువడ్డాయి. 2017 ఆగస్టు నాటి వేతన సవరణ ఉత్తర్వులు ఆ నిర్బంధాన్నీ, బెల్ కర్వ్‌నూ ఎత్తివేశాయి. హైదరాబాద్‌లోని ఎన్‌ఎండీసీ, భారత్ డైనమిక్స్ వంటి సంస్థలకూ వర్తించిన ఈ నిబంధన వెనుక మన దగ్గర జరిగిన పరిశీలన కన్నా అమెరికాలో ఒక కంపెనీకి వచ్చిన పేరే ఎక్కువగా పనిచేసిందని నా అభిప్రాయం.

ఆ కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్ (జీఈ). 1981 నుంచి 2001 వరకు దానికి సారథ్యం వహించిన జాక్ వెల్చ్ ఉద్యోగులను 20, 70, 10 శాతాలుగా విడదీసి, చివరి పది శాతాన్ని సాగనంపాలనేవారు. ఆయన హయాంలో షేరు ధర విపరీతంగా పెరగడంతో అందులో ఈ పద్ధతికీ వాటా ఉందన్న నమ్మకం వ్యాపార ప్రపంచమంతా పాకింది. లాభాల్లో గణనీయమైన భాగం ఫైనాన్స్ వ్యాపారమైన జీఈ క్యాపిటల్ నుంచి వచ్చేదన్న సంగతి మరుగునపడింది. తీరా మన ఉత్తర్వులు వెలువడిన నెలలోనే ఆ జీఈ క్యాపిటల్ తన అప్పులకు అమెరికా ప్రభుత్వ సంస్థ హామీని ఆశ్రయించింది!

రాతపరీక్షలో, ఇంటర్వ్యూలో వడపోసి తీసుకున్న పదిమంది పనిచేసే విభాగంలో ఏటా ఒకరు తప్పనిసరిగా పనికిరానివారై ఉంటారని ఏ గణితమూ చెప్పదు. మైక్రోసాఫ్ట్ 2013లోనే ఈ తరహా ర్యాంకింగును వదిలేసింది. ప్రభుత్వరంగంలో మాత్రం మరో వేతన సవరణ దాకా ఆగవలసి వచ్చింది. ఒక పద్ధతి ఉత్తర్వులోకి ఎక్కి, అప్రైజల్ ఫారంలో గడిగా మారాక దాన్ని ప్రశ్నించడం ఎవరి విధుల్లోనూ ఉండదు, పాటించకపోతే మాత్రం సంజాయిషీ ఇచ్చుకోవాలి.

తదుపరి సవరణ 2027 నాటికి రావలసి ఉంది. ఈసారి ఏ కొత్త మదింపు పద్ధతిని సిఫార్సు చేసినా ముందు ఒకటి రెండు సంస్థల్లో రెండేళ్లు అమలుచేసి, ఫలితాలను బయటపెట్టి, గడువు తేదీతో సహా ఉత్తర్వులో చేర్చాలని, గడువు ముగిశాక సమీక్ష లేకుండా పొడిగించరాదని ప్రభుత్వరంగ సంస్థల విభాగాన్ని కోరుతున్నాను.

– విశ్రాంత అధికారి, హైదరాబాద్