యాప్ మీద నిఘా సరే, క్లస్టర్ సంగతేంటి?

సంపాదకుల వారికి నమస్కారం.

ఫలితాల రోజున సైట్ తెరుచుకోకపోయినా, రిజిస్ట్రేషన్ ఆఫీసులో పొద్దున్నుంచి పని ఆగిపోయినా పత్రికల్లో వార్త ఒకే మూసలో వస్తుంది. సర్వర్ డౌన్, జనం అవస్థలు, సాంకేతిక లోపమన్న అధికారులు. మర్నాటికి ఆ ఊసే ఉండదు. హైదరాబాద్‌లో ఓ ఐటీ కంపెనీలో రాత్రిపూట సర్వర్లకు కాపలా కాసే ఉద్యోగం నాది. ఆ లోపం ఎక్కడ మొదలైందో, ముందుగా ఎవరికి తెలిసిందో అడిగితే చాలాసార్లు జవాబు దొరుకుతుంది. అడిగేవాళ్లే లేరు.

ఒక ఉదాహరణ చెబుతాను. 2024 డిసెంబర్ 12న, మన టైమ్ ప్రకారం తెల్లవారుజామున 4.46కి చాట్‌జీపీటీతో సహా ఓపెన్‌ఏఐ సర్వీసులు పడిపోవడం మొదలైంది, అన్నీ కోలుకునేసరికి ఉదయం 9 దాటింది. హ్యాకింగ్ అని కొందరు, జనం ఎగబడ్డారని కొందరు అనుకున్నారు. రెండూ కాదు. ఏం జరిగిందో కంపెనీయే తర్వాత పూసగుచ్చినట్టు రాసి బయటపెట్టింది. తమ కుబర్నెటీస్ కంట్రోల్ ప్లేన్ ఎలా ఉందో మరింత వివరంగా కొలుద్దామని ఒక కొత్త టెలిమెట్రీ సర్వీసు పెట్టారట, ఆ సర్వీసే కంట్రోల్ ప్లేన్‌ను పడగొట్టింది!

కుబర్నెటీస్ గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ రోజుల్లో పెద్ద సైట్లు ఒక్క సర్వర్ మీద నడవవు, వందల వేల కంటైనర్లుగా (ప్రోగ్రామ్‌ను దానికి కావాల్సినవాటితో కలిపి కట్టిన మూటలు) ముక్కలై బోలెడన్ని మెషీన్ల మీద నడుస్తాయి. ఆ మెషీన్ల గుంపే క్లస్టర్, అందులో ఒక్కో మెషీన్ ఒక నోడ్. ఏ కంటైనర్ ఏ మెషీన్‌కు వెళ్లాలి, ఏది చస్తే దాని బదులు ఏది లేవాలి అని చూసుకునేది 2014లో గూగుల్ బయటికి వదిలిన ఈ కుబర్నెటీస్. అందులో మళ్లీ అందరి ఆదేశాలూ వినే ఏపీఐ సర్వర్, ఏ కంటైనర్ ఏ మెషీన్‌కో తేల్చే షెడ్యూలర్, చచ్చినవాటి బదులు కొత్తవి లేపించే కంట్రోలర్ మేనేజర్, మొత్తం లెక్కలు దాచుకునే ఎట్‌సీడీ అని భాగాలున్నాయి, వీటన్నిటినీ కలిపి కంట్రోల్ ప్లేన్ అంటారు. ఆర్టీసీ డిపోలో కంట్రోలర్ కుర్చీలో లేకపోయినా అప్పటికే రోడ్డెక్కిన బస్సులు తిరుగుతూనే ఉంటాయి, కొత్త బస్సు మాత్రం గేటు దాటదు. ఇక్కడా అంతే. అందుకే కంట్రోల్ ప్లేన్ పోయిన సంగతి చాలాసేపటిదాకా ఎవరికీ తెలియదు.

ఓపెన్‌ఏఐలోనూ అదే జరిగింది. కొత్త సర్వీసు పెట్టగానే ప్రతి నోడూ ఏపీఐ సర్వర్ మీద బరువైన ప్రశ్నలతో పడింది, క్లస్టర్ ఎంత పెద్దదైతే ఒక్కో ప్రశ్న అంత బరువు, పైగా వేల నోడ్లు ఒకేసారి. టెస్ట్ చేసిన క్లస్టర్ చిన్నది కాబట్టి అక్కడ అంతా బాగానే కనిపించింది. అసలు చోట కూడా డీఎన్‌ఎస్ క్యాష్ (ఏ సర్వీసు అడ్రస్ ఏదో కాసేపు గుర్తుపెట్టుకునే చోటు) పుణ్యమా అని కాసేపు ఏమీ తేడా తెలియలేదు, ఆ కాసేపట్లోనే మిగతా క్లస్టర్లకూ పంపేశారు. క్యాష్ గడువు తీరేసరికి ఒక సర్వీసుకు ఇంకో సర్వీసు అడ్రస్ దొరకలేదు. తప్పు ఎక్కడుందో ఇంజనీర్లకు త్వరగానే తెలిసింది గానీ, దాన్ని తీసేయాలన్నా అదే ఏపీఐ సర్వర్‌కు చెప్పాలి కదా, అది పలికితేగా.

దీన్ని చూసి అసలు కొలవడమే మానేద్దాం అనేవాళ్లు తగిలారు నాకు. అది మరీ అన్యాయం. కంట్రోల్ ప్లేన్‌లోని ఏ భాగమైనా తన ఆరోగ్యాన్ని తానే చెబుతుంది. స్లాష్ మెట్రిక్స్ అనే చిరునామాలో మామూలు టెక్స్ట్ పేజీ పెడుతుంది, ఎన్ని రిక్వెస్టులొచ్చాయి, ఎంతసేపు పట్టింది, ఎన్ని ఫెయిలయ్యాయి అని. ఇలాంటి అంకెలు సేకరించే ప్రొమీథియస్ అనే సాఫ్ట్‌వేర్ కొన్ని సెకన్లకోసారి వెళ్లి ఆ పేజీ చదువుకుని వస్తుంది, అంతే, ఏపీఐ సర్వర్‌ను పీక్కుతినే పని లేదు. 2012లో సౌండ్‌క్లౌడ్‌లో పుట్టిన ఈ ప్రొమీథియస్ ఓపెన్ సోర్స్, లైసెన్సుకు పైసా కట్టక్కర్లేదు. కాబట్టి బడ్జెట్ లేదనే సాకు చెల్లదు.

మరి లోపం ఎక్కడ? నేను ఇంతకుముందు పనిచేసిన చోట జరిగింది చెబుతాను. క్లస్టర్‌ను కుబ్ఎడిఎమ్ అనే టూల్‌తో కట్టారు. అలా కడితే మామూలుగా షెడ్యూలర్, కంట్రోలర్ మేనేజర్ రెండూ 127.0.0.1 మీదే, అంటే తామున్న మెషీన్ లోపలి అడ్రస్ మీదే వింటాయి, పక్క మెషీన్‌లో ఉన్న ప్రొమీథియస్‌కు పలకవు. దాంతో మొదటి రోజు నుంచే ‘షెడ్యూలర్ డౌన్’ అని ఎర్రగా అలర్ట్. షెడ్యూలర్ లక్షణంగా నడుస్తోంది కదా అని ఎవరో ఆ అలర్ట్‌ను మ్యూట్ చేశారు. సెట్టింగ్‌లో ఒక్క లైను మారిస్తే పోయేది. నేను చేరేసరికే అది మ్యూట్‌లో ఉంది, ఎవరు చేశారో అడిగితే ఆయన ఎప్పుడో మానేశాడన్నారు. ఓ సాయంత్రం షెడ్యూలర్ నిజంగానే పడి లేస్తూ ఉంది. డ్యాష్‌బోర్డంతా పచ్చగానే ఉంది, ఎందుకంటే పాత పాడ్లు (కుబర్నెటీస్ కంటైనర్లను నడిపే చిన్న గుంపులు) హాయిగా నడుస్తున్నాయి. రద్దీ పెరిగి కొత్తవి అడిగితే మాత్రం అన్నీ పెండింగ్. యాప్ టీమ్‌ను నానా మాటలూ అన్నాక గానీ ఎవరికీ షెడ్యూలర్ వైపు చూడాలని తోచలేదు.

ఎట్‌సీడీ కథ వేరు. దానికి డిస్క్ వేగమే ప్రాణం. డిస్క్‌కు రాసే టైమ్ నూటికి తొంభై తొమ్మిది సార్లు 10 మిల్లీసెకన్ల లోపు ఉండాలంటారు, ఆ మెట్రిక్ (కొలత) కూడా అదే ఇస్తుంది. ఖర్చు తగ్గుతుందని చవక డిస్క్ మీద పెడితే ఎట్‌సీడీ కాపీల్లో పెత్తనం చేసే లీడర్ మాటిమాటికీ మారుతుంటాడు, పైన యాప్ నత్తనడక నడుస్తుంది, కారణం అంతు చిక్కదు. మామూలు కోటా 2 జీబీ, అది నిండితే కొత్తగా ఏమీ రాసుకోదు. ఇక కంట్రోల్ ప్లేన్ భాగాలు ఒకదాన్నొకటి నమ్మడానికి కుబ్ఎడిఎమ్ ఇచ్చే సర్టిఫికెట్లకు ఏడాదే గడువు, మధ్యలో వెర్షన్ అప్‌గ్రేడ్ చేస్తే రెన్యూ అవుతాయి, లేదంటే లేదు. కాంట్రాక్టరు క్లస్టర్ కట్టి బిల్లు తీసుకుని వెళ్లిపోతే సరిగ్గా ఏడాదికి ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. ఇవేవీ చెప్పాపెట్టకుండా వచ్చేవి కావు, అన్నిటికీ ముందే కనిపించే అంకెలున్నాయి.

ఇంకో తిరకాసుంది. ఈ మెట్రిక్ల పేర్లు శాశ్వతం కావు. ఆల్ఫా, అంటే ఇంకా ప్రయోగ దశలో ఉన్నవి ఎప్పుడైనా మారొచ్చు, స్థిరమైనవి కూడా ముందు పాతబడ్డాయని ప్రకటించి, తర్వాత దాచేసి, ఆ తర్వాత తీసేస్తారు. వెర్షన్ మార్చిన రాత్రి డ్యాష్‌బోర్డులో ఒక గడి ఖాళీ అవుతుంది, దాని మీద పెట్టిన అలర్ట్ ఇక మోగదు. మోగకపోతే అంతా బాగుందనుకుంటాం. డేటా రావడం ఆగినా మోగే అలర్ట్ విడిగా పెట్టుకోవాలి, అమీర్‌పేట కోచింగుల్లో ఇది చెప్పినవాళ్లు నాకు తగల్లేదు. పాడ్ల లిస్టు చూడటం, గ్రఫానాలో రంగుల గ్రాఫులు పెట్టడం దాకా వచ్చి సర్టిఫికెట్ ఇచ్చేస్తారు.

మీ విలేకరులకు ఒక్క విన్నపం. ఈసారి ఏదైనా ప్రభుత్వ సైట్ పడిపోతే, అధికారుల ప్రెస్‌మీట్‌లో మొదటి అలర్ట్ ఎన్నింటికి మోగింది, అది ఎవరి ఫోన్‌కు వెళ్లింది అని అడగండి. అలర్టే మోగలేదంటే అదే పెద్ద వార్త, హెడ్డింగ్ పెట్టి వేయండి. ఓపెన్‌ఏఐ రాసినట్టు ఏం జరిగిందో నిమిషాలతో సహా ఒక రిపోర్టు బయటపెట్టమనండి, కోట్ల టెండర్లు తీసుకున్నవాళ్లకు నాలుగు పేజీలు రాయడం కష్టమేమీ కాదు. ఇంగ్లీషులో ఉన్నా ఫర్వాలేదు, మేం చదువుకుంటాం.

ఇట్లు,
ఓ ఆన్‌కాల్ ఇంజనీర్,
మియాపూర్, హైదరాబాద్