బాలింత మాలిష్: వచ్చే నెల నుంచి ఏం మారుతోంది, ఎందుకు మారుతోంది

కడపలో మా దగ్గర బాలింతలకు మాలిష్, నీళ్లు పోయడం చేయించుకుంటున్న ఇళ్లవాళ్లకు, కాన్పుకు ముందే పేరు రాయించుకున్నవాళ్లకు ఈ మాటలు. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మూడు పనులు మానేస్తున్నాం, రేటు కొంచెం పెంచుతున్నాం. మానేసేవి ఇవి: కాన్పయిన ఆరు వారాల్లోపు కడుపు పిసకడం, పిక్కలు గట్టిగా నొక్కడం, మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం. మా దగ్గర పనిచేసే అక్కల్ని ఎక్కువమంది అడిగేది సరిగ్గా ఈ మూడే. కాబట్టి కారణాలు దాచకుండా చెప్పాలి.

గట్టిగా పిసికితే చెడు రక్తం పోతుంది, పొట్ట దిగుతుంది అని పెద్దవాళ్లు నమ్ముతారు. కాన్పయిన రోజు గర్భసంచి పైఅంచు బొడ్డు దగ్గర ఉంటుంది. రోజుకు సుమారు వేలెడు వెడల్పు దిగుతూ, 10 నుంచి 14 రోజుల్లో పైనుంచి చేతికి తగలనంత లోపలికి పోతుంది. మునుపటి సైజుకు రావడానికి ఆరు వారాలు. ఆ పని చేసేది మన చేతులు కాదు, బిడ్డ పాలు తాగేటప్పుడు తల్లి ఒంట్లో విడుదలై గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్ అనే హార్మోన్. మొదటి రోజుల్లో పాలిస్తుంటే కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చేది అందుకే, రెండో కాన్పుకు అది ఇంకా ఎక్కువ. కాన్పు గదిలో నర్సమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టి చూసేది గర్భసంచి గట్టిపడిందా లేదా అని. అది ఆసుపత్రి పని, ఇంట్లో పదో రోజున నూనె పోసి చేసేది కాదు.

రక్తస్రావం కూడా దాని లెక్కన అదే తగ్గుతుంది. మూడు నాలుగు రోజులు ఎర్రగా, తర్వాత గోధుమ రంగులో, పది రోజులు దాటాక పసుపు కలిసిన తెలుపులో పోతుంది. మొత్తం నాలుగు నుంచి ఆరు వారాలు. తగ్గిన ఎరుపు మళ్లీ పెరిగినా, గంటలోపే ప్యాడ్ నిండిపోతున్నా, నిమ్మకాయంత గడ్డలు పడినా, దుర్వాసన వచ్చినా మాకు ఫోన్ చేయొద్దు, నేరుగా ఆసుపత్రికి పోండి.

ఇక పొట్ట దిగకపోవడం. కడుపుతో ఉన్నప్పుడు పొట్ట మధ్యలో నిలువు కండరాలు రెండు పక్కలకు జరుగుతాయి. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు ముడిచి, తల కాస్త పైకెత్తి బొడ్డు దగ్గర వేళ్లు పెడితే ఆ సందు తెలుస్తుంది. ఎనిమిది వారాల తర్వాత కూడా రెండు వేళ్ల కంటే వెడల్పుగా ఉంటే ఫిజియోథెరపిస్టును కలవాలి, వ్యాయామంతో బలం వస్తుంది. మాలిష్‌తో ఆ సందు పూడదు. పూడుతుందని చెప్పి ఇంకో నెల ప్యాకేజీ అమ్మడం మాకు తెలియక కాదు. నడుము కట్టు కట్టుకోండి, కానీ లోపలికి రెండు వేళ్లు దూరేంత వదులుగా. లేచి తిరిగేటప్పుడు ఉంచి, పడుకునేటప్పుడు తీసేయాలి. ఊపిరాడనట్టు బిగిస్తే ఒత్తిడంతా కిందికి పోతుంది. కాన్పుతో అప్పటికే సాగి నీరసించిన కింది కండరాల మీద ఆ బరువు పడితే, దగ్గినప్పుడు మూత్రం జారడం, కింద బరువుగా దిగినట్టు ఉండడం ఎక్కువవుతాయి.

పిక్కల సంగతి ఇంకా పెద్దది. కాన్పు సమయంలో రక్తం ఎక్కువ పోకుండా ఒళ్లే రక్తాన్ని తొందరగా గడ్డకట్టేలా మార్చుకుంటుంది. ఆ గుణం కాన్పు తర్వాత కూడా కొన్ని వారాలు ఉంటుంది. మొదటి ఆరు వారాలే ఎక్కువ ప్రమాదం. సిజేరియన్ అయి కదలకుండా పడుకున్నవాళ్లకు ఇంకా ఎక్కువ. కాలి లోపలి సిరలో గడ్డ ఉన్నప్పుడు గట్టిగా నొక్కితే అది ఊడి ఊపిరితిత్తులకు పోవచ్చు. ఒక కాలే వాచినా, పిక్క పట్టుకుంటే నొప్పిగా, వేడిగా, ఎర్రగా ఉన్నా ఆ రోజు మాలిష్ లేదు, డాక్టరుకు చూపించాలి. దాంతోపాటు ఆయాసం, ఛాతీలో నొప్పి ఉంటే 108. రెండు పాదాలూ ఒకేలా వాచడం మొదటి వారంలో మామూలే, దానికి నడక, కాళ్లు ఎత్తులో పెట్టుకోవడం చాలు. ఇక మీదట ఆరు వారాల వరకు మా అక్కలు మోకాలి కింద అరచేత్తో తేలికగా పైకి నిమురుతారు, అంతే. "ఇదేం మాలిష్, బలం లేదు" అని అత్తమ్మలు వాళ్లను కోప్పడొద్దు. నొక్కొద్దని చెప్పింది మేమే.

కుంపటి గురించి రెండు మాటలే. తలుపులు కిటికీలు మూసి బొగ్గులు కాలిస్తే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, తల తిరిగి మత్తుగా పడిపోయేదాకా తెలియదు. సాంబ్రాణి కావాలంటే బయట వరండాలో, తల ఆరేంతసేపు, బిడ్డను దూరంగా పెట్టి వేసుకోండి.

మరి మాలిష్‌తో వచ్చే లాభమేమిటి? మెడ, భుజాలు, నడుము నొప్పి తగ్గుతుంది, ముక్కలు ముక్కలుగా పడుకునే మనిషికి కాస్త గాఢంగా నిద్ర పడుతుంది, గాభరా తగ్గుతుంది. నడుము నొప్పికి కాన్పప్పుడు వెన్నులో వేసే మత్తు సూదే కారణమని చాలామంది అంటారు. సూది పడిన చోట కొన్ని రోజులు నొప్పి ఉండొచ్చు, నెలల తరబడి ఉండే నొప్పి మాత్రం ఎక్కువగా వంగి కూర్చుని పాలివ్వడం, బలం తగ్గిన పొట్ట కండరాలు, వదులైన కీళ్ల వల్ల వచ్చేదే. అందుకే నడుము రుద్దించుకుని మళ్లీ మంచం అంచున గూనిగా కూర్చుంటే సాయంత్రానికి నొప్పి తిరిగొస్తుంది. వీపుకు దిండు, ఒళ్లో ఇంకో దిండు, కాళ్ల కింద పీట పెట్టుకోండి. బిడ్డ రొమ్ము దగ్గరికి రావాలి, మీరు బిడ్డ మీదికి వంగకూడదు. బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర నొప్పి ఉంటే బిడ్డను ఎత్తే పద్ధతి మార్చాలి. చంకల కింద బొటనవేళ్లు చాచి ఎత్తకుండా, అరచెయ్యి పిరుదుల కింద పెట్టి ఎత్తాలి.

సూది వేయించుకున్నవాళ్లకు ఇంకో విషయం. కూర్చుంటే తల పగిలిపోతున్నట్టు ఉండి, పడుకోగానే తగ్గితే అది వెన్ను నీరు కారడం వల్ల వచ్చే తలనొప్పి కావచ్చు. దానికి తలకు నూనె పెట్టి లాభం లేదు, మత్తు డాక్టరుకు చెప్పాలి. తలనొప్పితో పాటు కళ్లు మసకబారినా, పొట్ట పైభాగంలో కుడిపక్క నొప్పి ఉన్నా వెంటనే బీపీ చూపించండి. కాన్పయిన ఆరు వారాల్లోపు కొత్తగా కూడా బీపీ పెరగొచ్చు. 160/110 వస్తే ఒక్క పూట కూడా ఆగకూడదు.

మాలిష్ ఎలా సాగుతుందంటే: ముందు బిడ్డకు పాలిచ్చి, మూత్రానికి వెళ్లి రండి. గానుగ నువ్వుల నూనె 60 మిల్లీలీటర్లు గిన్నెలో పోసి, ఆ గిన్నెను వేడినీళ్లలో పెట్టి వెచ్చచేస్తాం, పొయ్యి మీద కాదు. పొయ్యి మీద పెడితే అడుగు కాలేదాకా తెలియదు. మణికట్టు లోపలివైపు చుక్క వేసి చూస్తాం. బోర్లా పడుకోబెట్టం. పక్కకు తిప్పి, మోకాళ్ల మధ్య దిండు పెట్టి మెడ నుంచి మొదలుపెడతాం. భుజం ఎముకల మధ్య, వెన్నుపూసకు రెండు పక్కలా, పిరుదుల పైభాగం దగ్గరే ఎక్కువసేపు ఉంటాం, వెన్నెముక మీద నేరుగా నొక్కం. మొత్తం 40 నిమిషాలు. తర్వాత పావుగంట ఆగి స్నానం. ఈ పనిలో దెబ్బలు తగిలేది మాలిష్‌లో కాదు, నూనె కాళ్లతో బాత్రూంలో జారి. అరికాళ్లు తుడవకుండా లేపం, పీట మీద కూర్చోబెట్టే పోస్తాం. సలసల కాగే నీళ్లు చెంబుతో కడుపు మీద కొట్టం. రక్తహీనత ఉన్న మనిషికి అంత వేడి నీళ్లు పడితే కళ్లు తిరుగుతాయి. ఐరన్ మాత్రలు కాన్పు తర్వాత 180 రోజులు వేసుకోవాలి, ఇంటికొచ్చాక చాలామంది ఆపేస్తారు. బాలింతకు నీళ్లు తాగించకుండా ఆపడం కూడా వద్దు. మన కడప ఎండల్లో పాలిచ్చే తల్లికి నీళ్లు తగ్గితే మలబద్ధకం, మూత్రంలో మంట వస్తాయి.

సిజేరియన్ అయితే మొదటి వారం కుర్చీలోనే తల, మెడ, భుజాలు, చేతులు. కుట్లు డాక్టరు చూసి బాగున్నాయన్నాక, దాదాపు రెండో వారం నుంచి, పక్కకు పడుకోబెట్టి వీపు. కుట్ల మీద నూనె, పసుపు, ఆముదం ఏదీ వద్దు. ఎర్రబడినా, చీము కారినా, 100.4 డిగ్రీల జ్వరం ఉన్నా మాలిష్ ఆగుతుంది. మచ్చ మాలిష్ ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత, డాక్టరు సరే అన్నాకే. రెండు వేళ్లతో మచ్చను పైకీ కిందికీ, పక్కలకూ మెల్లగా జరపడం, రోజుకు ఐదు నిమిషాలు. ఒకసారి నేర్పిస్తాం, తర్వాత మీరే చేసుకోవచ్చు, దానికి మాకు డబ్బులివ్వాల్సిన పని లేదు.

పాలు గడ్డకట్టాయని రొమ్ము గట్టిగా పిండమని అడిగేవాళ్లకు కూడా ఇక కాదనే చెబుతాం. లోపల వాపు ఉన్నచోట నొక్కితే వాపు పెరుగుతుంది. బిడ్డ అడిగినప్పుడల్లా పాలివ్వడం, మధ్యలో చల్లటి గుడ్డ, చంక వైపు ఈక తగిలినంత తేలికగా నిమరడం సరిపోతుంది. జ్వరం వచ్చినా, ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోయినా డాక్టరు దగ్గరికి పోవాలి.

బిడ్డ మాలిష్ బొడ్డు ఊడాకే. పాలు తాగి అరగంటైనా గడవాలి, పది నిమిషాలు, రెండు చెంచాల నూనె చాలు. ముక్కులో, చెవిలో నూనె పోయం, ముక్కు లాగం, తల గుండ్రంగా రావాలని నొక్కం. పసిబిడ్డ చన్ను పిండడం అస్సలు చేయం, అక్కడ చీము పట్టొచ్చు. రెండున్నర కిలోల కంటే తక్కువ బరువున్న బిడ్డకు డాక్టరు మాట కావాలి.

రేటు: తల్లికి మాలిష్, స్నానం 450 రూపాయలు, బిడ్డతో కలిపి 600. నూనె మాదే. పెంచిన కారణం, ఒక్కో అక్కకు పొద్దున రెండిళ్లకు మించి ఇవ్వడం లేదు. తొందరలో చేసిన మాలిష్‌లోనే చేతి బరువు అదుపు తప్పుతుంది. చిల్లా నలభై రోజులు, లేదా ఇరవై ఒక్క రోజులు వరసగా రాయించుకోవాలని లేదు. మొదటి పది రోజుల తర్వాత వారానికి మూడు రోజులు చాలు, మిగతా డబ్బుతో స్నానానికి సాయం ఒక్కటే పెట్టుకోండి, 150 తీసుకుంటాం. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు పాత రేటే. కొత్త పద్ధతి నచ్చకపోతే మిగిలిన రోజుల డబ్బు పూర్తిగా వెనక్కి ఇస్తాం.

రెండు వారాలు దాటినా తల్లి ఊరికే ఏడుస్తున్నా, బిడ్డను చూడబుద్ధి కావడం లేదన్నా అది మాలిష్‌తో పోయే నీరసం కాదు. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. ప్రాణం తీసుకోవాలని ఉందన్నా, బిడ్డకు ఏదైనా చేస్తానేమో అన్నా మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.

మొదటి రోజు మా అక్క వచ్చేసరికి ఆసుపత్రి డిశ్చార్జి చీటీ, రెండు పాత దుప్పట్లు, మూడు దిండ్లు, ఎత్తుపీట, చేతికందే ఇంటి మనిషి ఒకరు ఉండాలి. చీటీ చూడకుండా నూనె సీసా మూత తీయొద్దని అక్కలకు చెప్పాం. వేసవి అయ్యేదాకా వేళలు పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకే.