ఈసారి న్యూ ఇయర్‌కి నిసెకో లేదు, సంక్రాంతికి షిగా కోగెన్: మా మంచు ట్రిప్పుల్లో మార్పులు, ఎందుకంటే...

మాతో ఇదివరకు వచ్చిన కుటుంబాలకు, ఈ చలికాలం వద్దామనుకుంటున్న వాళ్ళకు నమస్కారం.

కొన్ని వారాలుగా వాట్సాప్‌లో అందరూ అడుగుతున్నది ఒకటే: "డిసెంబర్ చివరి వారం నిసెకో ట్రిప్ ఎప్పుడు అనౌన్స్ చేస్తారు?" సూటిగా చెప్పేస్తాను. జపాన్ ఉత్తరాన హొక్కైడో దీవిలో ఉన్న నిసెకో స్కీ కొండకి ఈసారి ఆ ట్రిప్ లేదు. దాని బదులు సంక్రాంతి సెలవుల్లో నాగానో ప్రిఫెక్చర్‌లోని (అక్కడి రాష్ట్రం లాంటిది) షిగా కోగెన్ స్కీ ప్రాంతానికి వెళ్తున్నాం. మనిషికి అయ్యే ఖర్చు కూడా నిరుటికంటే కొంత పెరిగింది. హైదరాబాద్ నుంచి, సింగపూర్ నుంచి టికెట్లు కొనుక్కుని వచ్చే మీకు, ఇక్కడ టోక్యోలోనే ఉండి పిల్లల్ని తీసుకొచ్చే మీకు, ఈ నిర్ణయం వెనక ఏముందో పూర్తిగా తెలియాలి.

ముందు లిఫ్టుల సంగతి. జపాన్‌లో రైళ్ళు ఏ చట్టం కింద నడుస్తాయో స్కీ లిఫ్టులూ (జనాన్ని కొండపైకి తీసుకెళ్ళే, తాడుకు వేలాడే కుర్చీలు) గొండోలాలూ (అలాగే వేలాడే మూసిన క్యాబిన్లు) అదే రైల్వే వ్యాపార చట్టం కింద నడుస్తాయి. భద్రతకు జవాబుదారీగా అర్హత ఉన్న మనిషి ఉండాలి, తనిఖీలు ఉంటాయి. గాలి పరిమితి దాటిందా, లిఫ్టు ఆగాల్సిందే. కింద ఎంత క్యూ ఉన్నా, మనం ఎంత డబ్బు కట్టి వచ్చినా దానికి సడలింపు ఉండదు. అక్కడ నిలబడ్డ కుర్రాడిమీద కోప్పడి లాభం లేదు, అతను చేస్తున్నది సరైన పని.

నిసెకోలో గ్రాండ్ హిరాఫు, హనజోనో, నిసెకో విలేజ్, అన్నుపురి అని నాలుగు రిసార్టులు ఒకే కొండ చుట్టూ ఉన్నాయి. కొండ ఎత్తు 1,308 మీటర్లే. కానీ సైబీరియా నుంచి బయల్దేరి జపాన్ సముద్రం మీదుగా తేమ పోగేసుకుని వచ్చే చలిగాలి నేరుగా దాన్ని తాకుతుంది. ప్రపంచమంతా వెతుక్కుంటూ వచ్చే ఆ మెత్తటి మంచును కురిపించేదీ ఆ గాలే, పై లిఫ్టుల్ని ఆపేసేదీ ఆ గాలే. పైన లిఫ్టులు ఆగిపోయిన రోజు కొండంతా పరుచుకోవాల్సిన జనం కింది వాలుల్లోకి చేరతారు. కింది వాలులంటే మన పిల్లలు మొదటిసారి స్కీలు కట్టుకుని నిలబడే చోటు. న్యూ ఇయర్ వారంలో అలాంటి రోజు పడితే ఆరేళ్ళ పాప పక్కనుంచి పెద్దవాళ్ళు వేగంగా దూసుకుపోతుంటారు. చూస్తూ నిలబడటం నావల్ల కాదు.

లిఫ్టుల సామర్థ్యం గురించి కూడా చాలామందికి ఒక అపోహ ఉంది. ఇద్దరు కూర్చునే మామూలు లిఫ్టు గంటకు సుమారు 1,200 మందిని, నలుగురు కూర్చునే హైస్పీడ్ లిఫ్టు సుమారు 2,400 మందిని ఎక్కించగలదని కాగితం మీద లెక్క. ఆ లెక్క నిలవాలంటే ప్రతి కుర్చీ నిండాలి, ఎవరూ పడకూడదు. కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కేటప్పుడో దిగేటప్పుడో పడితే లిఫ్టు ఆపుతారు, వెనక ఉన్న క్యూ అంతా ఆగుతుంది. హైస్పీడ్ లిఫ్టులో కుర్చీ స్టేషన్‌లోకి రాగానే తాడు నుంచి విడిపోయి నెమ్మదిగా కదులుతుంది, మనం కూర్చున్నాక మళ్ళీ తాడును పట్టుకుంటుంది. పాతరకం లిఫ్టులో ఆ వెసులుబాటు ఉండదు. కుర్చీ అదే వేగంతో వచ్చి మోకాళ్ళ వెనక తగులుతుంది. అందుకే మీకు పదేపదే చెప్తుంటాను: భయంగా ఉంటే చెయ్యెత్తి చూపించండి, ఆపరేటర్ వేగం తగ్గిస్తారు. మొహమాటం వద్దు.

పెద్ద రిసార్టులు కొత్త యంత్రాల మీద బాగానే ఖర్చు పెడుతున్నాయి. హనజోనోలో 2021 డిసెంబర్‌లో, గ్రాండ్ హిరాఫులో 2024 డిసెంబర్‌లో పదిమంది పట్టే గొండోలాలు మొదలయ్యాయి. అమ్మమ్మలు, తాతయ్యలతో వచ్చే మన కుటుంబాలకు ఇది వరం, స్కీలు లేకపోయినా చలిగాలి తగలకుండా పైకి వెళ్ళి కొండల్ని చూడొచ్చు. అయితే కింద క్యూ ఎంత త్వరగా కరిగితే పైన వాలు అంత త్వరగా నిండుతుంది. దీనికి యంత్రం దగ్గర జవాబు లేదు.

చిన్న రిసార్టుల పరిస్థితి వేరు. 1987లో వచ్చిన రిసార్టు చట్టం, అప్పటి ఆర్థిక బూమ్ కలిసి కొండకో స్కీ కేంద్రాన్ని లేపాయి. 1990ల్లో జపాన్‌లో స్కీ, స్నోబోర్డు చేసేవాళ్ళు సుమారు 1.8 కోట్ల మంది. ఇప్పుడు 50 లక్షల లోపే. వందల కేంద్రాలు మూతపడ్డాయి. మిగిలినవాటిలో చాలా లిఫ్టులు ఆ రోజుల్లో కట్టినవే. మ్యాపులో ఎనిమిది లిఫ్టులు కనిపిస్తాయి, మంగళవారం వెళ్తే నాలుగే తిరుగుతుంటాయి. మిగతావాటి దగ్గర "శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో మాత్రమే" అని బోర్డు ఉంటుంది. మంచు తక్కువై అలా పెట్టరు. జనం తక్కువ, నడిపే మనుషులు అంతకంటే తక్కువ.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఈ మనుషుల విషయమే. ఒక లిఫ్టు తిరగాలంటే కింద ఎక్కించేవాళ్ళు, పైన దిగేచోట కనిపెట్టుకుని ఉండేవాళ్ళు, ఆపరేటర్, గేటు దగ్గర ఒకరు కావాలి. రాత్రి కురిసిన మంచును తెల్లవారకముందే తవ్వి స్టేషన్‌ను బయటికి తీసేదీ వాళ్ళే. రాత్రంతా భారీ యంత్రాలతో వాలుల్ని చదును చేసే డ్రైవర్లు వేరు, గాయపడ్డవాళ్ళను స్లెడ్జి మీద దించే పాట్రోల్ (గస్తీ) బృందం వేరు. మీరు కూర్చునే ముందు కుర్చీ మీది మంచును చీపురుతో ఊడ్చి, తలవంచి పంపించే పెద్దాయన గుర్తున్నారా? నీగాతా ప్రాంతంలో అయితే ఆయన వేసవిలో వరి పండించే రైతు కావచ్చు, హొక్కైడోలో అయితే బంగాళదుంపల రైతు కావచ్చు. ఒకప్పుడు మంచు పడగానే ఈ ఊళ్ళ మగవాళ్ళు మన పాలమూరు కూలీల్లాగే పనికోసం దూరపు నగరాలకు వలసపోయేవారు. స్కీ కొండ వచ్చాక చలికాలం కూడా ఇంటిదగ్గరే జీతం దొరికింది. ఇప్పుడు ఆ తరం డెబ్భైల్లో ఉంది. పిల్లలు టోక్యోలో ఉద్యోగాలు చేస్తున్నారు.

ఆ ఖాళీని కొంతవరకు దేశంలోని యువత నింపుతోంది. వాళ్ళు సీజనంతా కొండ దగ్గరే డార్మిటరీలో ఉండి, పని లేని గంటల్లో స్కీ చేసుకుంటారు. కొంతవరకు ఆస్ట్రేలియా, బ్రిటన్, తైవాన్ లాంటి చోట్ల నుంచి వర్కింగ్ హాలిడే వీసా (సెలవు గడుపుతూ పని కూడా చేసుకోనిచ్చేది) మీద వచ్చేవాళ్ళు నింపుతున్నారు. నిసెకోలో పోటీ ఎంతవరకు వెళ్ళిందంటే, 2024 అక్టోబర్ నుంచి హొక్కైడోలో కనీస వేతనం గంటకు 1,010 యెన్‌లైతే, ఆ చలికాలం అక్కడ గదులు శుభ్రం చేసే పనికే 1,500 నుంచి 2,000 యెన్‌లు ఇస్తామని ప్రకటనలు కనిపించాయి. పనివాళ్ళకు మంచిదే, ఆ కష్టానికి అది న్యాయమైన కూలి. కానీ ఊళ్ళోని చిన్న హోటలు, వృద్ధుల్ని చూసుకునే కేంద్రం అంత ఇవ్వలేవు. పైగా పనివాళ్ళు ఉండటానికి అద్దె ఇళ్ళు దొరకడమే కష్టం. అక్కడ మనం కట్టే ప్రతి బిల్లులో ఇదంతా కలిసే ఉంది.

ఈ సందర్భంగా తమ్ముళ్ళ కోసం, చెల్లెళ్ళ కోసం ఒక మాట. "అక్కడ సీజన్ ఉద్యోగం ఇప్పించండి" అని చాలామంది అడుగుతున్నారు. జపాన్ వర్కింగ్ హాలిడే ఒప్పందం ఉన్న దేశాల్లో భారత్ లేదు. టూరిస్ట్ వీసా మీద పని చేయడం నేరం. హోటల్ రంగానికి "నిర్దిష్ట నైపుణ్య" వీసా ఉంది. భారత్, జపాన్ దీనిమీద 2021 జనవరిలో ఒప్పందం చేసుకున్నాయి. దానికి జపనీస్ భాష పరీక్ష, ఆ రంగానికి సంబంధించిన నైపుణ్య పరీక్ష పాసవ్వాలి. ఇవేవీ లేకుండా లక్షలు కడితే స్కీ రిసార్టులో ఉద్యోగమని చెప్పే ఏజెంట్ ఎవరైనా సరే, దయచేసి నమ్మకండి.

జనం రద్దీని రిసార్టులు ఎలా అదుపు చేస్తున్నాయంటే, ఎక్కువగా ధరతోనే. నిసెకో నాలుగు రిసార్టులకూ చెల్లే ఒక రోజు టికెట్ 10,000 యెన్‌లు దాటిపోయింది. ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే తగ్గింపు ఇచ్చే చోట్లు ఉన్నాయి. ఒకసారి కొంటే పలు కొండల్లో చెల్లే విదేశీ సీజన్ పాసుల జోరు ఇంకో పక్క: నిసెకో ఐకాన్ పాస్‌లో ఉంది, నాగానోలోని హకుబా వ్యాలీ ఎపిక్ పాస్‌లో ఉంది. అవి చేతిలో ఉన్నవాళ్ళకు ఆ రోజు టికెట్ ధర ఎంతైనా ఒకటే. రోజూ టికెట్ కొనేది మనలాంటి కుటుంబాలు. స్థానిక యువత మళ్ళీ కొండెక్కాలని 19 ఏళ్ళవాళ్ళకు ఉచితంగా లిఫ్టు టికెట్ ఇచ్చే పథకం ఒకటి 2011-12 సీజన్ నుంచి నడుస్తోంది. అది నాకు చాలా నచ్చిన ప్రయత్నం.

ఊరు మోసే భారం గురించి కూడా చెప్పాలి. హిరాఫు ఉన్న కుచ్చాన్ పట్టణం జనాభా సుమారు 15 వేలు, సీజన్‌లో దానిమీద పడే జనం ఎన్నో రెట్లు. టాక్సీలు చాలక 2023-24 చలికాలంలో సప్పోరో, టోక్యోల నుంచి డ్రైవర్లతో సహా కార్లు తెప్పించారు. గది అద్దెమీద శాతం లెక్కన పన్ను వేసిన మొదటి ఊరు జపాన్‌లో ఇదే. 2019 నవంబర్‌లో 2 శాతంతో మొదలుపెట్టి, 2026 ఏప్రిల్ నుంచి 3 శాతం చేశారు. హొక్కైడో ప్రభుత్వం వేసే బస పన్ను కూడా అదే నెల నుంచి తోడైంది. ఈ పన్నుల మీద నాకు అభ్యంతరం లేదు. మంచు తియ్యాలి, చెత్త ఎత్తాలి, బస్సులు నడపాలి, ఆ ఖర్చు అక్కడ ఏడాదంతా ఉండేవాళ్ళ నెత్తిన ఎందుకు పడాలి?

ఇప్పుడు షిగా కోగెన్ ఎందుకో చూడండి. జపాన్‌వాళ్ళ కొత్త సంవత్సరం సెలవులు జనవరి మొదటివారంలో అయిపోతాయి. జనవరి రెండో సోమవారం వయోజన దినం, ఆ లాంగ్ వీకెండ్‌లో మళ్ళీ జనం. అది దాటాక, చైనా కొత్త సంవత్సరం రద్దీ మొదలయ్యేలోపు, పనిరోజుల్లో కొండలు కాస్త ఖాళీగా దొరుకుతాయి. సరిగ్గా అక్కడే మన సంక్రాంతి సెలవులు పడుతున్నాయి. నిసెకోలో ఆ వారం కూడా ఆస్ట్రేలియా స్కూలు సెలవుల జనం ఉంటారు. షిగా కోగెన్‌లో ఆ ఒత్తిడి తక్కువ. 1998 నాగానో ఒలింపిక్స్‌లో కొన్ని పోటీలు జరిగిన చోటిది. అక్కడి యోకోతెయామా శిఖరం 2,307 మీటర్లు, ఎత్తు ఎక్కువ కాబట్టి మంచు గట్టిపడకుండా పొడిగా ఉంటుంది. వేర్వేరు యాజమాన్యాల చిన్న స్కీ ప్రాంతాలు ఎన్నో ఒకే పాస్ కింద కలిశాయి. లిఫ్టులు పలు కొండలమీద చెదిరి ఉన్నందువల్ల గాలికి ఒక వైపు ఆగితే షటిల్ బస్సెక్కి ఇంకో వైపు వెళ్ళే వీలుంటుంది. వేడినీటి గుంటల్లో కూర్చునే కోతులుండే జిగొకుదాని కూడా అక్కడికి దగ్గరే, స్కీ వద్దనుకునే పెద్దవాళ్ళను ఒకరోజు అక్కడికి తీసుకెళ్తాం.

లోటుపాట్లూ చెప్పాలి. హోటళ్ళు పాతవి. రాత్రి భోజనమయ్యాక బయట తిరగడానికి ఏమీ ఉండదు. స్నానపుగదులు చాలాచోట్ల ఉమ్మడివి. ఇంగ్లిష్ మాట్లాడే శిక్షకులు నిసెకోలో ఉన్నంతమంది లేరు. శాకాహారుల కోసం మేమే కుక్కర్లు, పప్పు, పచ్చళ్ళు మోసుకొస్తాం. షాపింగ్, నైట్‌లైఫ్ కావాలనుకునే వాళ్ళకు ఈ ట్రిప్ నచ్చదు, ముందే చెప్తున్నాను.

ఖర్చు పెరిగింది మూడు చోట్ల: లిఫ్టు టికెట్, పాఠాలు, బస్సు. రిసార్టు అనుమతి లేకుండా బయటివాళ్ళు డబ్బు తీసుకుని నేర్పడం చాలాచోట్ల నిషేధం, కాబట్టి "మీరే నేర్పించేయండి" అనొద్దు. నిసెకోలో రద్దీ వారాల్లో రోజంతా ప్రైవేట్ పాఠం లక్ష యెన్‌లు దాటుతోంది. షిగాలో గ్రూపు పాఠం మన బడ్జెట్‌కు అందుతుంది, కానీ ముందే బుక్ చెయ్యాలి. ఇక బస్సు డ్రైవర్ల ఓవర్‌టైమ్‌కు 2024 ఏప్రిల్ నుంచి ఏడాదికి 960 గంటల పరిమితి వచ్చింది. అలసిన డ్రైవర్ మంచు రోడ్డుమీద మనల్ని నడపకూడదు కదా, అందుకని ఆ నిబంధన నాకు సమ్మతమే. దానివల్ల చిన్న బస్సు దొరకడం కష్టమైంది, రేటు పెరిగింది. అందుకే నాగానో వరకు షింకన్‌సెన్‌లో (బుల్లెట్ రైలు) వెళ్ళి, అక్కడినుంచి మామూలు రూట్ బస్సు ఎక్కుతున్నాం. ఒక్కో బృందంలో పన్నెండుమందిని మించి తీసుకోం, ఎందుకంటే మా దగ్గర మంచుమీద పిల్లల్ని చూసుకోగల మనుషులు అంతవరకే ఉన్నారు.

మంచుని ఒక్కసారి తాకి చూడాలనుకునే వాళ్ళకు గాలా యుజావా డే ట్రిప్ యథాతథంగా ఉంది. షింకన్‌సెన్ దిగిన స్టేషన్లోనే స్కీ సెంటర్, టోక్యో నుంచి గంటంబావు ప్రయాణం. మంగళవారం నుంచి గురువారం వరకే తీసుకెళ్తాం. వారాంతం అడగొద్దు.

నిసెకోకి మళ్ళీ మార్చి రెండో వారంలో ఒక చిన్న బృందంతో వెళ్ళే ఆలోచన ఉంది. మంచు ఇంకా లోతుగానే ఉంటుంది, గది అద్దెలు దిగుతాయి. పిల్లల పరీక్షలని తెలుసు, కాబట్టి అది పెద్దవాళ్ళ ట్రిప్ అనుకోండి. ఇప్పటికే స్కీ వచ్చిన యువకులకు ముందస్తు షరతు: రిసార్టు హద్దు తాళ్ళు దాటి బయటికి వెళ్ళడం ఉండదు. నిసెకో నియమాల ప్రకారం రిసార్టు బయటికి గేట్ల గుండానే వెళ్ళాలి, మంచుచరియలు విరిగిపడే ప్రమాదాన్ని బట్టి వాటిని తెరవాలో మూయాలో అక్కడివాళ్ళు నిర్ణయిస్తారు. గైడ్ లేకుండా గేటు తెరిచి ఉన్నా మేం వెళ్ళం.

రీఫండ్ విషయం: లిఫ్టులన్నీ ఆగి రిసార్టు డబ్బు తిరిగిచ్చిన రోజు ఆ మొత్తం మీ ఖాతాలో వేస్తాం. కొన్ని లిఫ్టులే ఆగితే రిసార్టు మామూలుగా ఏమీ ఇవ్వదు, మేమూ ఇవ్వలేం.

సంక్రాంతి ట్రిప్‌కి పేర్లు ఇచ్చేవాళ్ళు ప్రతి ఒక్కరి ఎత్తు, బరువు, పాదం పొడవు సెంటీమీటర్లలో పంపండి. జపాన్‌లో బూట్ల సైజు అలాగే ఉంటుంది. బరువు స్కీ బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు) సరిచెయ్యడానికి కావాలి, అందులో దాచొద్దు. పిల్లలవి డిసెంబర్‌లో మరోసారి కొలిచి పంపాలి. అడ్వాన్స్ కట్టాకే పాఠాలు బుక్ చేస్తాం, పిల్లల క్లాసులు అన్నిటికంటే ముందు నిండిపోతాయి.