శిక్ష పడిన వైద్యుల సమాచారం కౌన్సిల్‌కు చేరాలి

సంపాదకులు గారికి,

నేరం రుజువైన వైద్యుని రిజిస్ట్రేషన్ ఏమవుతుందన్న విషయంపై, క్రిమినల్ కోర్టు కార్యాలయంలో పాతికేళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసిన వాడిగా నాలుగు మాటలు రాయదలచాను.

గర్భస్థ శిశు లింగ నిర్ధారణను నిషేధించిన 1994 నాటి చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ఈ చట్టం కింద కేసు ఎదుర్కొనే వైద్యుని పేరును, వైద్యుల రిజిస్ట్రేషన్ చూసే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు నివేదించాలని 23వ సెక్షన్ చెబుతోంది. కోర్టు అభియోగాలు నమోదు చేస్తే కేసు తేలేదాకా రిజిస్ట్రేషన్‌ను నిలిపివేయవచ్చు. నేరం రుజువైతే మొదటిసారి ఐదేళ్లు, మళ్లీ అదే నేరం చేస్తే శాశ్వతంగా పేరు తొలగించాలి. దీన్ని ప్రసూతి వైద్యుల సంఘాల సమాఖ్య సవాలు చేసినా సుప్రీంకోర్టు 2019లో సమర్థించింది. అవయవ మార్పిడి చట్టంలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది.

మిగతా నేరాల దగ్గరికి వచ్చేసరికి వైద్యుల ప్రవర్తనపై 2002లో వచ్చిన వృత్తి నియమావళే దిక్కు. 2023 ఆగస్టులో తెచ్చిన కొత్త నియమావళిని ఆ నెలలోనే పక్కన పెట్టారు. నైతిక పతనంతో కూడిన నేరాలకు, ఇతర క్రిమినల్ చర్యలకు శిక్ష పడడం దుష్ప్రవర్తన అని పాత నియమావళి అంటుంది గానీ, ఏది నైతిక పతనమో వివరించదు. తీర్పు ప్రతిని కౌన్సిల్‌కు ఎవరు పంపాలో చెప్పదు.

నా ఉద్యోగ కాలంలో ఒక వైద్యునికి మోసం కేసులో శిక్ష పడింది. తీర్పు ప్రతి ముద్దాయికి అందింది, ఆయన అప్పీలు చేసుకుని శిక్ష అమలును నిలిపివేయించుకున్నారు. మా డిస్పాచ్ రిజిస్టరులో మెడికల్ కౌన్సిల్ చిరునామా ఎక్కనే లేదు, ఎందుకంటే పంపమని మాకు ఉత్తర్వు ఏదీ లేదు. నెల తిరగకుండానే మా చెల్లెలు జ్వరానికి ఆయన దగ్గరే మందులు రాయించుకుని వచ్చింది. చీటీ మీద అదే రిజిస్ట్రేషన్ నంబరు. శిక్ష అమలు ఆగడం వేరు, నేర నిర్ధారణ ఆగడం వేరన్న సంగతి ఆమెకు తెలిసే అవకాశమే లేదు.

శిక్ష పడిన ప్రతి వైద్యుని పేరూ కొట్టివేయాలని నేను అనడం లేదు. చికిత్సలో నిర్లక్ష్యం వల్ల రోగి మరణిస్తే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద వైద్యునికి రెండేళ్ల వరకు జైలు పడవచ్చు. అలాంటి కేసునూ, డబ్బు కోసం స్కానింగ్ గదిలో ఆడపిల్లను గుర్తించి చెప్పిన కేసునూ ఒకే గాటన కట్టడం అన్యాయం. ఆ తేడాను కౌన్సిల్ తూచాలి. తూచాలంటే ముందు కాగితం దాని బల్ల మీదికి చేరాలి.

కాబట్టి వైద్యునికి గానీ, నర్సుకు గానీ, ఫార్మసిస్టుకు గానీ శిక్ష విధించిన ప్రతి కోర్టూ పదిహేను రోజుల్లోగా తీర్పు ప్రతిని సంబంధిత కౌన్సిల్‌కు పంపేలా రెండు తెలుగు రాష్ట్రాల హైకోర్టులు సర్క్యులర్ జారీ చేయాలని విజ్ఞప్తి చేస్తున్నాను. పేరు తొలగిస్తే స్థానిక పత్రికల్లో విస్తృతంగా ప్రకటించాలని 2002 నియమావళిలోనే ఉంది. దాన్ని కౌన్సిళ్లు పాటించాలి, రోగులు చూసుకునే ఆన్‌లైన్ రిజిస్టరులోనూ ఆ వివరం ఉంచాలి. అప్పీలులో నిర్దోషిగా తేలితే అదే రోజు దాన్ని తీసివేయాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి,
తెనాలి