ఏడాది దాటితే ‘మితంగా తాగొచ్చు’ అన్న మీ సూచనల పుస్తకంపై ఫిర్యాదు

రోగి సేవల విభాగాధిపతి గారికి,

విషయం: బరువు తగ్గే ఆపరేషన్ తర్వాతి సంరక్షణ ప్యాకేజీ – తెలుగు సూచనల పుస్తకంలో మద్యం గురించిన పేజీ, వార్షిక ‘లివర్ చెకప్’ – ఉపసంహరించి సరిదిద్దవలసిందిగా.

అయ్యా,

కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల్లో స్లీవ్ (కడుపులో చాలా భాగం తీసేసేది), బైపాస్ (కడుపును చిన్న సంచిగా చేసి పేగు దారి మళ్ళించేది) ఆపరేషన్లు అయినవాళ్ళకు ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆహారం, రక్తపరీక్షలు, మందుల సంగతి చూసే డైటీషియన్లం, ఫార్మసిస్టులం, ల్యాబ్ టెక్నీషియన్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. ఆపరేషన్ హైదరాబాద్‌లోనో విశాఖలోనో జరుగుతుంది. ఇంటికొచ్చాక చేతిలో మిగిలేది మీ పుస్తకమే. మద్యం గురించి అందులో ఉన్నవి నాలుగు వాక్యాలు: ‘మొదటి ఏడాది మద్యం ముట్టకండి. ఆ తర్వాత అందరిలాగే మితంగా ఒకటి రెండు పెగ్గులు తీసుకోవచ్చు. విస్కీ కన్నా బీరు మేలు. ఎస్‌జీపీటీ నార్మల్‌గా ఉంటే లివర్ బాగున్నట్టే.’

ఎస్‌జీపీటీ అంటే రక్తంలో చూసే ఒక లివర్ ఎంజైము. ఈ నాలుగింటిలో మొదటిది ఒప్పుకుంటాం. మిగతా మూడూ తప్పు. వాటిలో ‘ఒకటి రెండు పెగ్గులు’ అన్నది ప్రమాదకరం.

ఆపరేషన్ కానివాళ్ళ కడుపులో మద్యం కాసేపు నిలుస్తుంది, అన్నం తిని ఉంటే ఇంకాసేపు నిలుస్తుంది. కడుపు గోడలోని ఎంజైము కొంత మద్యాన్ని అక్కడే విరగ్గొడుతుంది. మిగతాది మెల్లగా చిన్నపేగులోకి దిగుతుంది. బైపాస్‌లో మిగిలే సంచి 30 మిల్లీలీటర్ల పాటిది, కడుపు నుంచి పేగులోకి దారిని తెరిచి మూసే పైలోరస్ కండరం దారిలోనే ఉండదు. తాగింది తాగినట్టే పేగులోకి జారి, పది నిమిషాల్లోపే రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరుతుంది. స్లీవ్‌లో కడుపు 75-80 శాతం తీసేస్తారు. పైలోరస్ మిగిలినా కడుపు ఖాళీ అయ్యే వేగం పెరుగుతుంది. బైపాస్ అయిన మహిళలకు కొలిచి ఇచ్చి చూసిన పరీక్షల్లో రెండు డ్రింకులు ఆపరేషన్ కానివాళ్ళకు నాలుగు డ్రింకులంత పని చేశాయి. మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పెట్టిన పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. మీరు రాసిన ‘ఒకటి రెండు పెగ్గులు’ ఆ గీత దాటించగలవు. సంక్రాంతి మూడు రోజులూ పందెం బరుల దగ్గర పుచ్చుకుని, రాత్రి కాలవ గట్టు మీద బండి నడిపి ఇంటికెళ్ళే మనుషులకు మీరిస్తున్న సలహా ఇది.

ఏడాది గడిస్తే ఇందులో మారేది ఏమీ లేదు. తీసేసిన కడుపు తిరిగి రాదు, పేగు దారి మళ్ళీ పాత దారి కాదు. పైగా ఏడాది అన్న గడువును మీరు సరిగ్గా తలకిందులుగా పెట్టారు. అమెరికాలో 10 ఆసుపత్రుల్లో జరిగి 2012లో వెలువడిన అధ్యయనంలో మద్యంతో ఇబ్బంది పడుతున్నవారు ఆపరేషన్‌కు ముందు 7.6 శాతం, మొదటి ఏడాది 7.3 శాతం, రెండో ఏడాదికి 9.6 శాతం. అదే బృందాన్ని ఇంకా కొనసాగించి చూస్తే, అంతకుముందు ఏ ఇబ్బందీ లేని బైపాస్ రోగుల్లో ఐదేళ్ళలోపు 20.8 శాతం మందికి ఆ లక్షణాలు కొత్తగా వచ్చాయి. అంటే మొదటి ఏడాది నిమ్మళంగా కనిపిస్తుంది, ముప్పు ఆ తర్వాతే మొదలవుతుంది. మీ పుస్తకం నిషేధం ఎత్తేసేది కూడా అప్పుడే. ఫాలో-అప్ ఫోన్లు మీరు ఆపేసేదీ ఇంచుమించు అప్పుడే.

బీరు సంగతి లెక్కలోనే తేలిపోతుంది. 42.8 శాతం విస్కీ 30 మిల్లీలీటర్ల పెగ్గులో శుద్ధ మద్యం 10 గ్రాములు. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో 41 గ్రాములు, అంటే నాలుగు పెగ్గులు. 99 రూపాయలకు దొరికే క్వార్టర్ 180 మిల్లీలీటర్లు, అందులో 60 గ్రాములు. వారానికి మూడు క్వార్టర్లయితే 180 గ్రాములు దాటుతుంది. కొవ్వు పట్టిన లివర్‌తో పాటు మద్యం దెబ్బ కూడా కలిసిన జబ్బుకు 2023లో ఖరారైన కొలతల్లో ఆడవాళ్ళకు వారానికి 140 గ్రాములు, మగవాళ్ళకు 210 గ్రాముల నుంచి లెక్క మొదలవుతుంది. అవి మామూలు కడుపున్నవాళ్ళను బట్టి పెట్టిన అంకెలని గుర్తుంచుకోండి. కల్లు ప్రస్తావన మీ పుస్తకంలో అసలు లేదు. ఇక్కడ చాలామంది కల్లును మద్యం కింద లెక్కే వెయ్యరు. పొద్దున దింపింది సాయంత్రానికి ఎంత పులిసిందో చెప్పే చీటీ కుండ మీద ఉండదు.

ఇక మీ ‘లివర్ చెకప్’. అందులో ఉన్నవి ఎస్‌జీపీటీ, బిలిరుబిన్, అల్ట్రాసౌండ్. మద్యం వల్ల దెబ్బతిన్న లివర్‌లో పెరిగేది ముఖ్యంగా ఎస్‌జీఓటీ అనే మరో ఎంజైము. అది ఎస్‌జీపీటీకి రెండింతలకు పైగా ఉండటమే మొదటి అనుమానం. మీరు దాన్ని చెయ్యరు. ఒక ఉదాహరణ వేసి చూడండి. వయసు 45, ఎస్‌జీఓటీ 62, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు లక్షా 50 వేలు. మీ రిపోర్టులో ఇది ‘నార్మల్’. వయసును ఎస్‌జీఓటీతో గుణించి, ప్లేట్‌లెట్లను (వేలల్లో, అంటే 150) ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించిన మొత్తంతో భాగిస్తే లివర్‌లో మచ్చ (ఫైబ్రోసిస్) ఎంతుందో అంచనా వేసే ఫిబ్-4 అంకె వస్తుంది: 2790ని 900తో భాగిస్తే 3.1. ఇది 1.3 లోపుంటే ముదిరిన మచ్చకు అవకాశం తక్కువ, 2.67 దాటితే ఎక్కువ. కాగితం, కాలిక్యులేటర్ చాలు, అదనపు ఖర్చు ఒక ఎస్‌జీఓటీ, ఒక ప్లేట్‌లెట్ కౌంట్. ఇటీవల తాగి ఉంటే ఎస్‌జీఓటీ పెరిగి ఈ అంకె ఎగబాకుతుంది కాబట్టి ఇదే తీర్పు కాదు. తర్వాతి మెట్టు లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్. దానికి కనీసం 3 గంటలు పరగడుపున ఉండాలి, కొన్ని వారాలు మద్యం మానాక మళ్ళీ చేస్తేనే ఆ కొలతను నమ్మొచ్చు. బరువు తగ్గాక అల్ట్రాసౌండ్‌లో కొవ్వు పోయి లివర్ శుభ్రంగా కనబడుతుంది, మచ్చ మాత్రం బాగా ముదిరేదాకా అందులో కనబడదు.

ల్యాబ్‌లో ఇంకో మెలిక ఉంది. మద్యం అనుమానానికి అందరూ చూసే ఎంసీవీ (ఎర్రకణాల సగటు పరిమాణం) ఈ రోగుల్లో దారి తప్పిస్తుంది. బీ12, ఫోలేట్ తగ్గితే తాగకపోయినా పెరుగుతుంది, ఇనుము తగ్గితే తాగినా పెరగదు. రక్తంలోని ప్రోటీన్ అయిన అల్బుమిన్ తగ్గితే అది లివర్ వల్లో, ప్రోటీన్ చాలకో విడదీసి చూడాలి. గత రెండు మూడు వారాల తాగుడు తెలియాలంటే రక్తంలో ఫాస్ఫాటిడిల్ ఇథనాల్ పరీక్ష ఉంది. అంతకన్నా ముందు తాగుడు అలవాటును పసిగట్టే మూడే ప్రశ్నల ఆడిట్-సీ ఉంది, దానికి పైసా ఖర్చు లేదు.

అన్నిటికన్నా మాకు కోపం తెప్పించింది పుస్తకం చివర్లోని ‘నీరసంగా ఉంటే దగ్గర్లో గ్లూకోజ్ పెట్టించుకోండి’ అన్న సలహా. పల్లెటూళ్ళో దానర్థం ఆర్‌ఎంపీ దగ్గర సీసా ఎక్కించుకోవడం. శరీరంలో థయామిన్ (బీ1) నిల్వ రెండు మూడు వారాలకు మించి రాదు. తిండి తక్కువ, వాంతులు, పైన మద్యం – మూడూ కలిస్తే అది అడుగంటుతుంది. ఆ స్థితిలో ముందు గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్త థయామిన్ కూడా ఖర్చయి మెదడు దెబ్బతినవచ్చు. కనుగుడ్లు వాటంతటవే ఆడటం, ఒకటి రెండుగా కనబడటం, నడక తూలడం, మాట పొంతన లేకపోవడం దాని గుర్తులు. ఇంట్లోవాళ్ళు ‘ఎక్కువ తాగాడు, పడుకోనివ్వండి’ అనుకుంటారు. ఈ గుర్తుల్లో ఏ ఒక్కటి కనిపించినా గ్లూకోజ్ కంటే ముందో, దానితోపాటో థయామిన్ నరంలోకి ఎక్కాలి, పెద్దాసుపత్రికి చేరాలి. ఈ ముక్క మీ పుస్తకంలో లేదు.

లివర్ రీడింగ్ పెరిగినవాళ్ళకు మీ వాట్సాప్ సందేశం ‘రేపటి నుంచే మానేయండి’ అంటుంది. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, ఆపైన ఫిట్స్, రెండు మూడు రోజులకు మతిభ్రమ రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలోనే ఆపాలి. 14446 డీఅడిక్షన్ హెల్ప్‌లైన్, 14416 టెలీ-మానస్ నంబర్లు వేసినా కొంత నయం. నొప్పులకు డైక్లోఫెనాక్ వద్దని, తాగే అలవాటు ఉంటే పారాసెటమాల్ రోజుకు 2 గ్రాములు (650 మాత్రలు మూడు) దాటొద్దని కూడా రాయాలి. మీ ప్యాకేజీతో ఉచితంగా వచ్చే తిప్పతీగ మాత్రలు ఆపండి, వాటితో లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి.

మేము కోరుతున్నది: ఆ పేజీ తీసేసి దాని స్థానంలో ‘ఈ ఆపరేషన్ తర్వాత సురక్షితమని చెప్పగల మద్యం మోతాదు లేదు, ఎన్నేళ్ళు గడిచినా’ అని పెద్దక్షరాల్లో వేయండి. ఇప్పటికే పుస్తకం అందినవాళ్ళందరికీ తెలుగులో సందేశం పంపండి, ఫోన్ కూడా చేయండి. చెకప్‌లో ఎస్‌జీఓటీ, జీజీటీ (ఇంకో లివర్ ఎంజైము), ప్లేట్‌లెట్లు, బీ12, అల్బుమిన్ చేర్చి, ఫిబ్-4 అంకె రిపోర్టు మీదే వేయండి. రెండో ఏడాది నుంచి ఐదో ఏడాది దాకా ఫోన్లు ఆపకండి. పాత చెకప్‌లో ‘నార్మల్’ రాయించుకున్నవాళ్ళకు కొత్త పరీక్షలు ఉచితంగా చేయించండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనగా కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు పంపుతాం. ప్యాకేజీ కొన్న రోగులు సేవాలోపం కింద జిల్లా కమిషన్‌కు వెళ్ళదలిస్తే కాగితాలు మేమే తయారు చేసిస్తాం. మీ పుస్తకంలోని పేజీ నకలు, చెకప్ పరీక్షల జాబితా, వాట్సాప్ సందేశం నకలు ఈ లేఖకు జతచేశాం.

ఇట్లు,
కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల డైటీషియన్లు, ఫార్మసిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లు